మచ్చిక

మా మనవడికి నాలుగేళ్ళు. అమెరికాలో పుట్టాడు, అక్కడే పెరుగుతున్నాడు. పోయిన ఏడాది నేనూ మా ఆవిడా రెండు నెలలు టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాం. వెళ్ళిన నాలుగో రోజో అయిదో రోజో వాడు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, పక్కింటి తాత దగ్గర కొండ చిలుక ఉంది, చూద్దాం రా" అన్నాడు. చిలుకే కదా అని వెళ్ళాను. తీరా చూస్తే అది చిలుక కాదు, చిలువ. 14 అడుగుల బర్మా కొండచిలువ. గోడ పొడవునా కట్టిన అద్దాల పెట్టెలో చుట్టలు చుట్టుకుని పడుకుని ఉంది.

చిలువ అంటే పాత తెలుగులో పామే. కొండచిలువ అంటే కొండపాము. మా హోసూరులో తమిళులు మలైప్పాంబు అనేదీ అదే అర్థంలో. కన్నడిగులు హెబ్బావు అంటారు, పెద్ద పాము అని. ఒడిశాలోనూ మహారాష్ట్రలోనూ ఉన్న మనవాళ్ళకు అజగరం అన్న సంస్కృతపు మాట చుట్టుపక్కల భాషల్లో రోజూ వినిపించేదే. మేకను మింగేది అని దాని అర్థం. ఇన్ని భాషలవాళ్ళూ దాని చోటును బట్టి, కొలతను బట్టి, తిండిని బట్టి పేరు పెట్టారు గాని, దాని మనసును బట్టి ఎవరూ పెట్టలేదు. ఆ రోజు నాకు ఈ ఆలోచన రాలేదు. తరవాత వచ్చింది.

ఆ ఇంటాయనకు అరవై అయిదు దాటాయి. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది. పాము ఆయన కావాలని కొన్నది కాదు. కొడుకు పన్నెండేళ్ళప్పుడు ముచ్చటపడి తెచ్చుకున్నాడు. అప్పటికది రెండడుగుల పిల్ల, చేతికి చుట్టుకునేది. కొడుకు పెద్దవాడయ్యాడు, ఉద్యోగం వెతుక్కుని వేరే ఊరు వెళ్ళాడు. అక్కడి అద్దె ఇంట్లో పాముల్ని ఉంచనివ్వరు. పాము తండ్రికి మిగిలింది. ఇప్పుడు దానికి 21 ఏళ్ళు. కొడుకు పెట్టిన పేరేదో ఉంది గాని, ఆయన మాత్రం ముసలమ్మ అని అర్థం వచ్చేట్టు పిలుస్తాడు.

ఇంకో వారం పోయాక, వీధి చివర ఉండే ఒక స్నేహితుడు వచ్చినప్పుడు, పాముని బయటికి తీశాడు. ఒక్కడే ఉండగా ఎప్పుడూ పెట్టె తెరవడట. ముందు కొక్కెం కర్రతో దాని వీపు మీద మెల్లగా తట్టాడు. తరవాత ఆయన ముందు భాగం, స్నేహితుడు వెనక భాగం పట్టుకుని ఎత్తారు. రెండు బియ్యం బస్తాల బరువుంటుంది. మా మనవణ్ణి మాత్రం గది గడప దాటనివ్వలేదు. పాము ఆయన ఒళ్ళో నుంచి మెల్లగా పాకి, తల తెచ్చి భుజం మీద ఆనించింది. అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ పెంపకం ఊరికే పోలేదు అనిపించింది నాకు. ఎవరైనా అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. "మీరంటే దానికి చాలా ఇష్టం కదూ?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇష్టం లేదు. నేనంటే భయం లేదు, అంతే. ఆ మాత్రం కావటానికే చాలా ఏళ్ళు పట్టింది" అన్నాడు.

ఆ జవాబు నన్ను వదల్లేదు. ఒక ప్రాణికి మనమంటే ఇష్టం లేదని తెలిసీ, ఎన్నటికీ ఇష్టం కలగదని తెలిసీ, ఇరవై ఏళ్ళు దాన్ని సాకటం ఏమిటి? అది ప్రేమా, మొండితనమా, ధర్మమా?

మనం మచ్చిక అంటాం. ఆవు మచ్చికైంది, కుక్క మచ్చికైంది అంటాం. ఆ ఒక్క మాటలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఆ ప్రాణికి మనమంటే బెదురు పోవటం. రెండోది, మన మీద మాలిమి పుట్టటం. కుక్క విషయంలో ఈ రెండూ జంటగా వస్తాయి కనుక మనకు తేడా తెలియదు. కుక్క వేల ఏళ్ళుగా మనిషి కూడు తిని మనిషి ముఖం చదవటం నేర్చుకున్నది. కొండచిలువకు ఆ చరిత్ర లేదు. పెట్టెలో పుట్టిన పిల్ల కూడా అడవిలో దాని ముత్తాతలు ఎలా ఉండేవో అలాగే ఉంటుంది. దాని విషయంలో మొదటి సంగతి సాధ్యం, రెండోది కాదు. రెంటికీ ఒకే మాట ఉండటం వల్ల మొదటిది చూసి రెండోది ఉందనుకుంటాం.

పెద్ద పాములు పెంచేవాళ్ళు వాటి స్వభావాల గురించి మన పెద్దలు ఎడ్ల గురించి చెప్పినట్టు చెబుతారు. బర్మా కొండచిలువ నెమ్మది. ఒంటి మీద వల అల్లినట్టు మచ్చలుండే మలయా కొండచిలువ చురుకు, తెలివి, తొందర. ఆఫ్రికా కొండచిలువది ముక్కోపమని పేరు. ఒక్కో జాతిలో మళ్ళీ ఒక్కోదాని తీరు వేరు. చిన్నప్పటి నుంచీ మెల్లగా, తరచుగా, బెదరకుండా పట్టుకున్నది పెద్దయ్యాక కుదురుగా ఉంటుంది. ఇదంతా నిజమే. అయితే ఆ నెమ్మది ఎక్కడ నుంచి వచ్చింది? కొండచిలువ వెంటాడి వేటాడే ప్రాణి కాదు. దారి పక్కన రోజుల తరబడి కదలకుండా పడి ఉండి, దగ్గరికి వచ్చిన దాన్ని పట్టుకుంటుంది. మనం శాంతం అనుకునేది దానికి గుణం కాదు, బతుకుతెరువు.

భాగవతం సప్తమ స్కంధంలో అజగర వ్రతం పట్టిన ఒక ముని ప్రహ్లాదుడికి కనిపిస్తాడు. కొండచిలువలా నేల మీద పడి ఉండి, వచ్చింది తిని, రాకపోతే ఊరుకుంటాడు. కొండచిలువను గురువుగా ఎంచుకున్నానంటాడు. ఎంచుకున్నది ముని. కొండచిలువ దేన్నీ ఎంచుకోలేదు. దానిలో వైరాగ్యం చూసింది మనమే. ఇవాళ దానిలో ప్రేమ చూస్తున్నదీ మనమే.

భుజం మీద తల ఎందుకు ఆనించింది మరి? మనిషి ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. పాము తన వేడి తాను పుట్టించుకోలేదు, బయట నుంచి తెచ్చుకోవాలి. దాని పెదవుల వెంబడి వేడిని పసిగట్టే చిన్న చిన్న గుంటలున్నాయి. నాలుక చాపినప్పుడల్లా గాలిలో వాసనల్ని లోపలికి తీసుకుంటుంది. ఆ పెద్దాయన దాని లెక్కలో వెచ్చగా, కదలకుండా, ఎరిగిన వాసనతో ఉన్న ఒక చెట్టుకొమ్మ. దానికి కనురెప్పలు లేవు కనుక ఎప్పుడూ మనల్నే చూస్తున్నట్టుంటుంది. బుస తప్ప గొంతు లేదు కనుక కాదనదు. మనం ఆ చూపును శ్రద్ధ అనుకుంటాం, ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకుంటాం. నోరులేని వాళ్ళ విషయంలో మనుషుల మధ్య కూడా జరిగే పొరపాటే ఇది.

అలాగని దానికి ఏమీ లేదని కొట్టిపారేయటం కూడా తొందరపాటే. 1960లలో న్యూయార్క్ జంతుశాలలో గుడ్లు పొదుగుతున్న ఒక కొండచిలువను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. తల్లి గుడ్ల చుట్టూ చుట్టుకుని, కండరాలు బిగించి వదులుతూ, చలికి వణికినట్టు వణుకుతూ, తన ఒంటి వేడి పెంచుకుని గుడ్లకు ఇస్తుందని లెక్కలతో తేలింది. మామూలుగా వేడి పుట్టించుకోలేని ప్రాణి, పిల్లల కోసం పుట్టిస్తుంది. దాదాపు రెండు నెలలు తిండి ముట్టదు. పిల్లలు బయటికి రాగానే ఎవరి దారి వారిది. తల్లి వాటిని గుర్తుంచుకోదు, అవి తల్లిని వెతకవు. అమెరికాలోనే ఉండే ఒక రకం చిన్న పాములు గుంపులో కొన్నిటితోనే కలిసి ఉండటానికి ఇష్టపడతాయని 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. కనుక పాము లోపల ఏదో ఉంది. అది మన కొలతపాత్రలో కొలిచేది కాదు, మనకోసం ఉన్నదీ కాదు.

ఇంత తెలిశాక ఆ పెద్దాయన దాన్ని ఎలా చూసుకుంటున్నాడో గమనించటం మొదలుపెట్టాను. ఆయన దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది. తేదీ, తిన్నది, బరువు, కుబుసం విడిచిన రోజు, పెంట వేసిన రోజు. ముప్పై ఏళ్ళకు పైగా పద్దులు చూస్తున్న నాకు ఆ పుస్తకం నచ్చింది. పెట్టెలో ఒక కొస 32 డిగ్రీల సెంటిగ్రేడ్ దాకా వెచ్చగా, మరో కొస 26 డిగ్రీల దగ్గర చల్లగా ఉండాలి. ఏది కావాలో పాము చూసుకుంటుంది. వేడి దీపం చుట్టూ ఇనుప వల ఉండాలి, ఎందుకంటే ఒళ్ళు కాలుతున్నా పాము వెంటనే జరగదు. గాలిలో తేమ తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది. చలి తగిలితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది, నోటి దగ్గర నురగ కనిపిస్తుంది. నొప్పి అని అరవలేని ప్రాణి కనుక నురగ కనిపించే దాకా తెలియదు. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగుకు తిరుగుతాయి, చూపు మందగిస్తుంది, ఊరికే బెదురుతుంది. ఆ వారం పది రోజులూ ఎవరూ ముట్టుకోరు.

తిండి మూడు నాలుగు వారాలకు ఒకసారి, సోమవారం. ముందే చంపి గడ్డకట్టించిన కుందేలును ఫ్రీజర్లోంచి తీసి, కరగబెట్టి, వెచ్చబెట్టి, పొడుగాటి పటకారుతో అందిస్తాడు. బతికిన జంతువును వెయ్యడు. అది పాముకూ ప్రమాదం, ఆ జంతువుకూ హింస. తిన్న తరవాత కొన్ని రోజులు కదిలించకూడదు, కదిలిస్తే కక్కేస్తుంది. తిన్న రెండు రోజుల్లో బర్మా కొండచిలువ గుండె కండ నలభై శాతం పెరుగుతుందని 2005లో కనుక్కున్నారు. పని అయిపోయాక మళ్ళీ మామూలవుతుంది. అంత కష్టపడి అరిగించుకునే ప్రాణికి మాటిమాటికీ పెడితే కొవ్వెక్కి చస్తుంది. పెంపుడు కొండచిలువలకు జరిగే హానిలో ఇదొకటని ఆయన చెప్పాడు. ముద్దొచ్చిన వాళ్ళకి ఇంకో ముద్ద పెట్టటం మన ఇళ్ళలో అలవాటు. పెట్టకుండా ఉండటం కూడా సాకటంలో భాగమేనని ఈ పాము దగ్గర నేర్చుకున్నానన్నాడు ఆయన. మా ఆవిడ ఆ మాట విని నా వైపు చూసింది. ఆ పూట మనవడికి మూడో లడ్డూ ఇచ్చింది నేనే.

కొక్కెం కర్రతో తట్టటం ఎందుకని అడిగాను. ఇప్పుడు వచ్చేది తిండి కాదు, చెయ్యి అని చెప్పటానికట. పెట్టె తెరుచుకుంటే తిండి అని పాముకు అలవాటవుతుంది. కుందేలు వాసన చేతికి అంటుకుని ఉంటే, దాని లెక్కలో ఆ చెయ్యి కుందేలే. అప్పుడు కరిచి చుట్టేస్తే అది ద్రోహం కాదు, పొరపాటు కూడా కాదు. దానికి తెలిసిన ఒకే పని అది చేసింది. కొండచిలువ ఊపిరాడకుండా చేసి చంపుతుందని అనుకునేవాళ్ళం. దాని దగ్గరి చుట్టమైన బోవా మీద 2015లో చేసిన పరిశోధనలో, చుట్టుకున్న కొద్ది క్షణాల్లోనే రక్తప్రసారం ఆగిపోవటం వల్ల ప్రాణం పోతుందని తేలింది. అంటే ఆలోచించుకోవటానికి వ్యవధి లేదు. అందుకే ఇద్దరు మనుషులు, అందుకే గడప దాటని మనవడు.

ఈ జాగ్రత్త లేని చోట ఏమైందో ఆ పెద్దాయనే చెప్పాడు. 2009లో ఫ్లోరిడాలో ఒక ఇంట్లో ఎనిమిదిన్నర అడుగుల బర్మా కొండచిలువ రాత్రి బయటపడి, నిద్రపోతున్న రెండేళ్ళ పాపను చంపింది. దానికి నెల రోజులుగా తిండి లేదు. 2013లో కెనడాలో పాముల దుకాణం మీది ఇంట్లో, గాలిగొట్టం గుండా తప్పించుకున్న ఆఫ్రికా కొండచిలువ నిద్రలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములను చంపింది. ఒకడికి ఆరేళ్ళు, ఒకడికి నాలుగు. మొదటి కేసులో పెద్దవాళ్ళకు జైలు పడింది. రెండో కేసులో యజమాని నిర్దోషి అని 2016లో జ్యూరీ చెప్పింది. విచారణ జరిగింది మనుషుల మీదే, పాముల మీద కాదు. అది సరైనదే.

మన సామెత మాత్రం పాము మీదే తప్పు పెడుతుంది. పాముకు పాలు పోసి పెంచినట్టు అంటాం, చేసిన మేలు మరిచేవాణ్ణి చూసి. పాముకు పాలు ఆహారం కాదు. దానికి అక్కర్లేనిది పోసి, అక్కర్లేని మేలుకు కృతజ్ఞత అడుగుతున్నాం. అప్పు తీసుకున్నట్టు సంతకం పెట్టనివాణ్ణి బాకీదారు అనటానికి ఏ బ్యాంకుకూ హక్కు లేదు. కృతజ్ఞత లేని చోట కృతఘ్నత కూడా ఉండదు. పాముని ప్రేమించేవాడూ, పాముని పగబట్టే జీవి అనేవాడూ చేసే పొరపాటు ఒకటే. ఇద్దరూ దానికి మనిషి మనసును అంటగడుతున్నారు.

అరణ్యపర్వంలో భీముణ్ణి పట్టుకున్న కొండచిలువ మాట్లాడుతుంది. ప్రశ్నలు వేస్తుంది, ధర్మరాజు జవాబులకు సంతోషించి తమ్ముణ్ణి వదిలిపెడుతుంది. చిన్నప్పుడు ఆ కథ విన్నప్పుడు, భీముడంతటివాణ్ణి కదలనివ్వని బలం గురించే నాకు ఆశ్చర్యం. ఇప్పుడు చూస్తే వేరే సంగతి కనబడుతుంది. అది ప్రశ్నలు వేసింది పాము కనుక కాదు, నహుషుడు కనుక. శాపం తగిలిన రాజు కనుక. అసలు కొండచిలువ ప్రశ్న వెయ్యదు. మన జవాబు ఎంత ధర్మంగా ఉన్నా చుట్ట వదులు చెయ్యదు. దాని ఎదుట ధర్మమంతా మనవైపే ఉండాలి. రెండో వైపు నుంచి సాయం రాదు.

మరి ఇలాంటి ప్రాణిని ఇంట్లోకి తేవచ్చునా? నా వరకు, తేకూడదనే అనుకుంటున్నాను. ఆ పెద్దాయనా అదే అన్నాడు. మైళ్ళ కొద్దీ తిరగగల ప్రాణికి ఎంత పెద్ద పెట్టె అయినా పెట్టే. పిల్లగా రెండడుగులు ఉన్నది రెండు మూడేళ్ళలో పది అడుగులు దాటుతుంది. ఇరవై ముప్పై ఏళ్ళు బతుకుతుంది. పన్నెండేళ్ళ పిల్లవాడి ముచ్చట అంతకాలం ఉండదు. కొనేటప్పుడు కనిపించేది పిల్లపాము, కొన్నది మాత్రం ముప్పై ఏళ్ళ బాధ్యత. అసలు చిన్నది, వడ్డీ పెద్దది.

ఉండని ముచ్చట ఏమవుతుందో ఫ్లోరిడా చిత్తడి నేలలు చెబుతాయి. పెంచలేక వదిలేసినవి కొన్ని, 1992 ఆగస్టులో ఆండ్రూ తుఫానుకు పాములు పెంచే కేంద్రం కూలినప్పుడు తప్పించుకున్నవి కొన్ని. అక్కడి బర్మా కొండచిలువలు స్థిరపడి పిల్లల్ని పెడుతున్నాయని 2000 నాటికి ఒప్పుకోక తప్పలేదు. 2012లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 1990లతో పోలిస్తే ఎవర్‌గ్లేడ్స్‌లో రకూన్ అనే జంతువులు కనబడటం 99 శాతం పైగా తగ్గింది. చిత్తడి కుందేళ్ళు అసలు కనబడలేదు. ఆ ఏడాదే బర్మా కొండచిలువల దిగుమతిని అమెరికా నిషేధించింది. వాటిని పట్టటానికి 2017లో మన పక్కనుంచి మనుషుల్ని పిలిపించుకున్నారు. మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో 1978 నుంచీ ఉన్న ఇరుళ పాముల సహకార సంఘానికి చెందిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ వెళ్ళి, రెండు వారాలు తిరగకుండానే 13 కొండచిలువల్ని పట్టారు. ఆ ఇద్దరికీ 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆసియాలో పుట్టిన పామును పెంచుకోవాలని తీసుకుపోయి, పెంచలేక వదిలి, చివరికి ఆసియా నుంచే పట్టేవాళ్ళను పిలిచారన్నమాట.

అమెరికావాళ్ళకి పిచ్చి అని నవ్వుకోవటానికి మనకు వీలు లేదు. 2023 ఆగస్టులో బ్యాంకాక్ నుంచి బెంగుళూరు వచ్చిన ఒకరి పెట్టెల్లో 234 ప్రాణులు దొరికాయి. వాటిలో కొండచిలువలున్నాయి, ఒక చచ్చిపోయిన కంగారూ పిల్ల ఉంది. 2024 ఏప్రిల్‌లో అదే విమానాశ్రయంలో మరొకరి సామానులో పది పసుపు అనకొండలు. అడిగేవాళ్ళు లేకపోతే తెచ్చేవాళ్ళుండరు. మన దేశపు కొండచిలువను ఉంచుకోవటం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. విదేశీ జాతుల్ని ప్రకటించమని 2020లో ప్రభుత్వం ఒక అవకాశం ఇచ్చింది. 2022లో చట్టాన్ని సవరించి, నమోదు చెయ్యాలన్నది. నమోదు చేస్తే చట్టానికి జవాబు చెప్పినట్టవుతుంది, పాముకు కాదు.

నవ్వుకోవటానికి నాకు మరీ వీలు లేదు. మా మనవడు కొండ చిలుక అన్నప్పుడు నేను చటుక్కున లేచి వెళ్ళటానికి ఒక కారణముంది. నాకు పదేళ్ళప్పుడు మా ఇంట్లో ఒక రామచిలుక ఉండేది. అప్పట్లో మా వీధిలో సగం ఇళ్ళలో ఉండేవి. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. ఎగరకుండా రెక్కల ఈకలు కత్తిరించేవాళ్ళు. మా చిలుక అమ్మను "అమ్మా" అని పిలిచేది, నన్ను పేరు పెట్టి పిలిచేది. మన మాట అంటుంది కనుక మనమంటే ప్రేమే అనుకున్నాం. ఆ మాటలకు అర్థం దానికి ఏమిటో ఎవరూ ఆలోచించలేదు. బడిలో ఒక రోజు మాస్టారు స్వేచ్ఛ గురించి చెప్పారు. ఇంటికి రాగానే పంజరం తలుపు తీసేశాను. చిలుక బయటికి వచ్చింది, గోడ మీదికి గెంతింది, ఎగరబోయి అవతలి పెరట్లో పడింది. అక్కడ పిల్లి ఉంది. నేను గోడ ఎక్కి చూసేసరికి ఆకుపచ్చ ఈకలు మిగిలాయి.

అమ్మ నన్ను కొట్టలేదు. "రెక్కలు కత్తిరించింది మనం. తలుపు తీసే ముందు ఈకలు వచ్చే దాకా ఉండొద్దట్రా" అంది. నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఆ మాటకు ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. పంజరంలో పెట్టటం తప్పే. ఆ తప్పు దిద్దుకున్నానన్న తృప్తి కోసం తలుపు తీయటం దాని కన్నా పెద్ద తప్పు. చిత్తడి నేలల్లో పాముని వదిలినవాడు కూడా కారు దిగి, సంచీ మూతి విప్పి, పో, నీ బతుకు నువ్వు బతుకు అని మంచి మనసుతోనే అని ఉంటాడు.

అందుకే ఆ పెద్దాయన మీద నాకు గౌరవం. ఆయన తేలేదు, తేవటం మంచిది కాదంటాడు, అది తనను ప్రేమించదని తెలుసు. అయినా నోటుపుస్తకం రాస్తున్నాడు. తప్పుతో మొదలైన దానిలో కూడా ధర్మం ఉంటుంది. మొదలు తప్పు కనుక నాకు సంబంధం లేదనటం తేలిక. ప్రేమ తిరిగివస్తుందన్న ఆశ ఉన్న చోట మనం చేసే సేవలో ఎంతో కొంత బేరం ఉంటుంది. పిల్లల్ని పెంచటంలోనూ ఉంటుంది, నాకు తెలుసు. ఆయన పనిలో ఆ బేరం లేదు. ఇది గొప్పగా చెప్పుకోవలసిన త్యాగమని ఆయన అనుకోడు. సోమవారం వచ్చింది, కుందేలు కరగబెట్టాలి, అంతే.

మేము బయల్దేరే ముందు వారం ఆయన ఒక సాయం అడిగాడు. గుండెకు ఆపరేషన్ అయిందట రెండేళ్ళ క్రితం. "మీరు బ్యాంకు మనిషి కదా. నా తరవాత దీనికి ఎంత డబ్బు పెట్టాలో లెక్క వేసి చెప్పండి" అన్నాడు. పెంపుడు జంతువుల పేర ట్రస్టు పెట్టే వీలు 2016 నుంచీ ఆ దేశంలో అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. ఒక సాయంత్రం కూర్చున్నాం. నోటుపుస్తకం ముందు పెట్టుకుని కుందేళ్ళు, కరెంటు, డాక్టరు, దీపాలు, పర్మిట్ ఖర్చు, పదేళ్ళకు, ధరల పెరుగుదల కలిపి లెక్క వేశాను. పెద్ద మొత్తమేమీ కాదు. ఆయన దగ్గర ఉంది. ఫారంలో ఒకే గడి మిగిలింది, సంరక్షకుడి పేరు. జంతుశాలల్ని అడిగితే మా దగ్గర ఇప్పటికే ఉన్నాయన్నారట. స్నేహితుడికి ఈయన కన్నా వయసెక్కువ. కొడుకు పేరు రాయమంటారా అని అడిగాను. పెన్ను పట్టుకుని కాసేపు ఆలోచించి, "వాణ్ణి అడగకుండా రాయకూడదు. పాముని అడగకుండానే కదా తెచ్చాం" అన్నాడు.

ఇంతకాలం నా ఉద్యోగంలో డబ్బు లేక ఆగిపోయిన పనులే చూశాను. డబ్బుండి, చట్టముండి, చెయ్యి పెట్టే మనిషి లేక ఆగిన పని చూడటం అదే మొదటిసారి. ఆ రోజు నేను చెయ్యగలిగింది లెక్క వెయ్యటమే. గడి నింపటం నా చేతిలో లేదు.

కిందటి నెల అమ్మాయి ఫోన్ చేసింది. మనవడు అందుకుని, కొండ చిలుక కుబుసం విడిచిందనీ, పక్కింటి తాత ఒక ముక్క ఇచ్చాడనీ చెప్పాడు. అది చిలుక కాదురా, చిలువ అన్నాను. ఒప్పుకోలేదు. గడి సంగతి అమ్మాయిని అడిగాను. ఇంకా ఖాళీగానే ఉందట. కొడుకు మాత్రం రెండుసార్లు వచ్చి వెళ్ళాడట. రెండోసారి వచ్చింది సోమవారమే. పటకారు అతనే పట్టుకున్నాడట.